మేడ మీద పంకా, కింద నల్లా

నాంపల్లిలో మేం కిరాయికున్న ఇంటికి కరెంటు వచ్చింది గానీ, మేడ మెట్లు దిగి కిందికి రాలేదు. పైన ఇంటి యజమాని ఉండేవాడు. బట్టల వ్యాపారి. అందరూ సేటు అనేవారు, నేనూ ఇక్కడ అలాగే అంటాను. కింద రెండు వాటాలు. ఒకదాంట్లో నేను, మా అమ్మ. రెండోదాంట్లో సర్కారు దఫ్తరులో పనిచేసే ఒక గుమాస్తా, అతని తల్లి, పెళ్లయి రెండేళ్లయిన అతని భార్య. పైన సేటు బైఠక్‌లో విద్యుద్దీపాలుండేవి. ఆ ఏడు ఉగాది ముందు కొత్తగా పంకా కూడా బిగించారు. కింద మాకు కందిళ్లే. యుద్ధం నడుస్తున్న రోజులు. కందిలిలోకి కిరసనాయిలు దొరకడం కూడా గగనంగా ఉండేది.

మా వాటాలకూ ఒక్కో దీపం ఇప్పించమని నేను రెండు మూడు సార్లు అడిగాను. "మీకెందుకమ్మ బిజిలీ? ఆడోళ్లు తడి చేతులతోని ముట్టుకుంటరు. ఏమన్నయితే ఎవడు జవాబు చెప్పాలె?" అన్నాడు సేటు. నేను దగ్గర్లోని ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేదాన్ని. కరెంటు గురించి పొద్దున ఇరవైమంది పిల్లలకు పాఠం చెప్పి, సాయంత్రం కందిలి గాజు తుడుచుకుంటూ ఆ మాటలు తలచుకుంటే ఒళ్లు మండేది.

ఆ ఇంట్లో నీళ్ల ఏర్పాటు గురించి కాస్త చెప్పాలి. వెనక సందులోని బావి నుంచి ఒక మనిషి తెల్లవారుతూనే కావడితో నీళ్లు మోసుకొచ్చి, మేడ మీదున్న రేకు తొట్టి నింపిపోయేవాడు. సేటు ఇంటివాళ్లు పొద్దున్నే ఆ తొట్టిలోంచే ముంచి లోపల పెట్టుకునేవారు. మాకోసం తొట్టి నుంచి ఒక ఇనుప గొట్టం గోడ వెంబడి కిందికి దిగి, వాకిట్లో బండల మీద నల్లాగా తేలేది. నేను బడికి పోయే తొందరలో తెల్లవారగానే రెండు బిందెలు పట్టుకుని లోపల పెట్టుకునేదాన్ని. ఆ తర్వాత రోజంతా ఆ నల్లా దగ్గరికి పోయేది పక్క వాటా కోడలు ఒక్కతే.

ఎండాకాలం మొదలైన కొద్ది రోజులకు ఆమె నా దగ్గరికి వచ్చింది. పల్లెటూరి పిల్ల, చదువు లేదు. మాట్లాడేటప్పుడు గడప వైపు చూస్తూ మాట్లాడేది.

"అక్కా, నల్ల ముట్టుకుంటే నాకేందో అయితున్నది. చెయ్యంత జివ్వుమంటది. మోచెయ్యి దాక గుంజుతది."

"ఎప్పుడూ అవుతుందా?"

"రోజు గాదు. కొన్నొద్దులైతది, కొన్నొద్దులు గాదు. పొద్దుగాల అయితలేదు. వంటయినంక పోతే అయితది."

మరుసటి ఆదివారం పొద్దున్న నాకు బడి లేదు. ఆమె ముందరే నల్లా పట్టుకుని చూశాను. ఏమీ కాలేదు. రెండుసార్లు, మూడుసార్లు పట్టుకున్నాను. చల్లటి ఇనుము, అంతే. నేను అప్పుడు తోలు చెప్పులు వేసుకుని ఉన్నాను. మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని కదా, వాకిట్లోకి కూడా చెప్పుల్లేకుండా దిగే అలవాటు లేదు. పైగా ఆ వేళకు సేటు ఇంట్లో లేడు. ఈ రెండు సంగతులూ ఆ క్షణాన నాకు తట్టలేదు. "నరాల నీరసం చెల్లె, కాసిన్ని పాలు తాగు," అన్నాను. అంత చదువుకున్న నేను చెప్పింది ఆ మాట! ఆమె తల వంచుకుని వెళ్లిపోయింది.

అత్తగారికి కోడలి మాటలు పని ఎగ్గొట్టే ఎత్తుల్లా కనిపించాయి. గోడకు ఇవతల నాకు అన్నీ వినిపించేవి. "మీ అమ్మగారింట్ల బాయి మోట కొట్టినవంట గద, గీడ నల్ల తిప్పుతె చేతులు నొస్తున్నయా?" అనేది. ఆమె కొడుకు ఏమీ అనేవాడు కాదు. దఫ్తరు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, అన్నం తిని, పేపరు పట్టుకునేవాడు. ఆయన కాళ్లు కడుక్కునే నీళ్లు కూడా ఆమే పట్టి పెట్టేది.

వానలు పడ్డాక సంగతి ముదిరింది. ఒక పొద్దున పది గంటలప్పుడు ఆమె నిండు బిందె ఎత్తబోతూ రెండో చేత్తో నల్లా కట్టేయబోయింది. ఆ క్షణంలో ఒళ్లంతా విదిలించినట్టయి, బిందెతో సహా బండల మీద పడింది. కుడి మణికట్టు విరిగింది. నేను బడి నుంచి వచ్చేసరికి దవాఖానలో కట్టు కట్టించుకుని గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. అరచేతిలో ఎర్రగా ఒక గీత. అది నల్లా పిడి ఆకారంలో ఉందని నాకప్పుడు తోచలేదు. తోచి ఉండాల్సింది.

"ఇది ఒళ్లు నీరసం గాదమ్మ," అంది అత్తగారు మా అమ్మతో. "గాలి సోకింది. ఆ నల్ల కాడ ఏదో ఉన్నది. అదే దీన్ని పట్టింది. లేకపోతే నాకు పట్టది, మీకు పట్టది, దీనికే ఎందుకు పడ్తది?"

మా అమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. వినలేదు. వచ్చే ఆదివారం అమావాస్య అనీ, ధూల్‌పేట నుంచి ఒక మంత్రగాణ్ణి పిలిపించాననీ చెప్పింది. నేను ఆమె కొడుకును వాకిట్లో పట్టుకున్నాను.

"విరిగిన చేత్తో ఉన్న పిల్లను కొట్టిస్తారా?"

"కొట్టడు టీచరమ్మ. జర నీళ్లు పోస్తడు, వేపమండలు తిప్పుతడు. అమ్మ మనసు నిమ్మలమైతది. నాకు గూడ ఇంట్ల గీ లొల్లి తప్పుతది."

తన ఇంట్లో లొల్లి తప్పడానికి భార్యను మంత్రగాడి ముందు కూర్చోబెట్టే మనిషిని ఏమనాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆ ఆదివారం గుమాస్తా దఫ్తరుకు సెలవు పెట్టాడు. మేడ మీద బైఠక్ కిటికీలు బార్లా తెరిచారు. సేటు తన పంకా కింద కూర్చుని, కిందికి తమాషా చూస్తున్నాడు. మంత్రగాడు నల్లా ముందు పసుపు కుంకాలతో ముగ్గు వేసి, ఆమెను దాంట్లో కూర్చోబెట్టాడు. వేపమండలు తిప్పడం కాస్తా కొట్టడం అయింది. "ఎవరు నువ్వు? ఏడికెళ్లి వచ్చినవ్?" అని అరుస్తున్నాడు. ఆమె ఏడవలేదు. "నేను ఎవర్ని గాను. నల్ల కొడ్తున్నది. నల్ల కొడ్తున్నదని చెప్తున్న గద!" అంది. అంతమందిలో ఆమె గొంతెత్తడం నేను అప్పుడే విన్నాను. నేను ముందుకుపోయి మండలు లాక్కోబోయాను. అత్తగారు నా చెయ్యి పట్టి ఆపింది.

అప్పుడా మంత్రగాడు చెంబులో నీళ్లు అయిపోయాయని నల్లా వైపు తిరిగాడు. వట్టి కాళ్లు. కింద బండలు తడి. ఇత్తడి చెంబు ఒక చేత్తో నల్లా కింద పట్టి, రెండో చేత్తో పిడి తిప్పబోయాడు. మరుక్షణం అతని నోట్లోంచి మంత్రం కాని ఒక కేక వచ్చింది. చెంబు అటు, మనిషి ఇటు. తను వేసిన ముగ్గులోనే వెల్లకిలా పడ్డాడు. లేచి, నల్లాకు ఆమడ దూరంలో నిలబడి అన్నాడు:

"ఔ! ఉన్నది! పిల్లలో లేదు, నల్లల ఉన్నది!"

వాకిట్లో ఉన్నవాళ్లందరూ ఒక్కసారిగా నమ్మేశారు. అత్తగారు నమ్మింది. ఆమె కొడుకు నమ్మాడు. గోడ మీంచి చూస్తున్న ఇరుగుపొరుగు నమ్మారు. నాలుగు నెలలుగా ఆ పిల్ల చెబుతూనే ఉంది, చెయ్యి విరగ్గొట్టుకుంది. అయినా ఎవరూ నమ్మలేదు. పరాయి మగవాడికి ఒక్కసారి తగిలేసరికి సందేహమే లేకపోయింది! మంత్రగాడు దూరం నుంచే నిమ్మకాయల దండ విసిరి నల్లా మెడలో పడేలా చేశాడు. మూడు ప్రయత్నాలకు గానీ పడలేదు. దక్షిణ తీసుకుని వెళ్లిపోయాడు.

నేను మాత్రం పైకి చూశాను. కిటికీలోంచి పంకా రెక్కలు తిరుగుతున్నాయి. కిటికీ పక్క నుంచి నల్లా గొట్టం దిగుతోంది. ఆ గొట్టం వెంబడే, పురికొసతో అక్కడక్కడా కట్టేసి, పంకా మీట నుంచి కప్పు మీదికి పోయే ఒక నల్లటి తీగ. నాలుగు నెలలుగా రోజూ నా కళ్ల ముందే ఉన్న తీగ. ఆయన పైన గాలికి కూర్చున్నప్పుడల్లా కింద ఈమెకు గాలి సోకుతోంది. పొద్దున్నే పంకా వేయరు కనుక నాకు తగల్లేదు. నేను పట్టి చూసిన ఆదివారం సేటు ఇంట్లో లేడు. ఉండి ఉన్నా నా చెప్పులు నన్ను కాపాడేవి.

ఆ సాయంత్రం ఆమె దగ్గరికి వెళ్లాను. నల్లా ముట్టుకోవద్దనీ, నీళ్లు నేనే తెల్లవారుజామున పట్టిపెడతాననీ చెప్పాను. అది గాలీ దయ్యమూ కాదు, కరెంటు అని చెప్పాను. 

"నువ్వు గూడ నమ్మలే గదక్కా," అంది.

"ఔ. నమ్మలే," అన్నాను. "తప్పు నాదే."

ఆమె లేచి లోపలికి పోయింది. నాలుగు మాటలని ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

సోమవారం బడి అయ్యాక నడుచుకుంటూ ఆబిడ్స్ వెళ్లాను. పంకా బిగించింది అక్కడి ఒక దుకాణం వాళ్లని సేటే గొప్పగా చెప్పుకునేవాడు. గాజు అద్దాల దుకాణం. లోపల రంగురంగుల దీపపు గోళాలు, గోడకు పంకాల బొమ్మలు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానికి విషయం చెప్పాను. తీగ గొట్టాన్ని ఎక్కడో తాకుతోంది, పంకా వేసినప్పుడు గొట్టానికీ నేలకూ మధ్య వోల్టేజి ఉంటోంది, ఒక మనిషి పడి చెయ్యి విరిగింది, వెంటనే మిస్త్రీని పంపండి అన్నాను.

ఆయన నా మాట పూర్తి కానివ్వలేదు. "మీ ఇంట్ల మొగోళ్లు లేరా? వాళ్లను పంపుండ్రి, మాట్లాడ్త."

"మాట్లాడటానికి నేను వచ్చాను కదా."

"చూడమ్మ, మాది పక్కా ఫిట్టింగు. పంకా తిరుగుతున్నదా లేదా? తిరుగుతుంటే కరెంటు పంకాలకే పోతున్నట్టు. నల్లలకెందుకు పోతది? కరెంటుకు దూపైతదా, నీళ్లు తాగనీకి?"

పక్కనున్న మిస్త్రీ పెద్దగా నవ్వాడు.  పంకా తిరుగుతున్నంత మాత్రాన తీగ ఎక్కడా కారడం లేదని కాదనీ, చిల్లు పడిన గొట్టంలోంచి కూడా నీళ్లు చివరిదాకా వస్తాయనీ చెప్పాను. "ఈమె బళ్లె పిల్లలకు చెప్పినట్టు చెప్తున్నది," అన్నాడు మిస్త్రీ, యజమానితో. నేను అక్కడే నిలబడి ఒక హోల్డరు, ఒక చిన్న బల్బు, నాలుగు గజాల తీగ అడిగి కొనుక్కున్నాను. తీగ ఇస్తూ యజమాని, "జాగ్రత్తమ్మ, ఆడోళ్లు ముట్టుకునే సామాను గాదిది," అన్నాడు. ఒక ఆడమనిషి ప్రాణం మీదికి తెచ్చిన దుకాణంలో నాకు దొరికిన జాగ్రత్త అదొక్కటే.

పరీక్ష చెయ్యడానికి శుక్రవారం దాకా ఆగాల్సి వచ్చింది. ఆ రోజుల్లో సర్కారు దఫ్తర్లకు శుక్రవారం సెలవు కాబట్టి గుమాస్తా ఇంట్లో ఉంటాడు. అతను చూడకుండా ఏం చేసినా లాభం లేదు. నేనూ బడికి సెలవు చీటీ పంపాను.

ముందురోజు సాయంత్రం ఆమె మా వాటాకు వచ్చింది. నేను బడి నుంచి ఒక బ్యాటరీ గాజు సీసా తెచ్చి ఉంచాను. కళాయి పూసేవాళ్లు వాడే నవాసాగరం నీళ్లలో కలిపి, అందులో ఒక జింకు కడ్డీ, మధ్యన మట్టికుండలో బొగ్గు పలక. రెండింటి నుంచి తీగలు తీసి చిన్న టార్చి బల్బుకు తగిలిస్తే ఎర్రగా వెలిగింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"దీంట్ల కరెంటు ఎవరు పోసిన్రు?"

"ఎవరూ పోయలే. జింకు ఆ నీళ్లల్ల కరుగుతుంటే పుడ్తది. పైన సేటు ఇంటికి వచ్చేది హుసేన్‌సాగర్ ఒడ్డున పుడ్తది. అక్కడ బొగ్గు మండిస్తరు, నీళ్లు ఆవిరైతయి, ఆ ఆవిరి పెద్ద చక్రాన్ని తిప్పుతది. చక్రం తిరిగితే కరెంటు."

"ఇది ముట్టుకుంటే కొడ్తదా?"

"ముట్టుకొని చూడు."

ఎడమచేతి వేళ్లతో భయం భయంగా రెండు తీగలూ పట్టుకుంది. ఏమీ కాలేదు. నా ముఖం వైపు చూసింది.

"మన తొట్టి మేడ మీద ఉన్నది కాబట్టి నల్లల నీళ్లు జోరుగా వస్తున్నయి గద," అన్నాను. "తొట్టి గడప మీద పెడితే సన్నగా వస్తయి. అట్లనే, కరెంటుకు గూడ ఒక ఎత్తుంటది. దాన్నే వోల్టేజి అంటరు. ఈ సీస ఎత్తు ఒకటిన్నర. సేటు తీగల ఎత్తు రెండొందల పైన. నీకు తగిలింది అది."

 అప్పుడు ఆమె ఒక ప్రశ్న అడిగింది. మా బడిలో పై తరగతి పిల్లలు కూడా అంతవరకు ఆ ప్రశ్న వేయలేదు.

"మరి రోడ్డు మీద తీగల మీద పిట్టలు కూసుంటయి గదక్కా. వాటికి కొడ్తలేదేంది?"

"పిట్ట రెండు కాళ్లు ఒకే తీగ మీద పెడ్తది. రెండు కాళ్లకు ఎత్తు ఒకటే. తేడా లేదు. తేడా లేకుంటే కరెంటు పారదు. ఎప్పుడు గాని రెండు జాగల నడుమ తేడాను చూడాలె."

"అంటే నా చెయ్యి తీగల ఎత్తు మీద ఉన్నది. కాళ్లు భూమ్మీద ఉన్నయి. ఆ తేడా నా పెయిలకెళ్లి పోయింది."

"గంతే."

"మీకు చెప్పులున్నయి. సేటుకు పావుకోళ్లున్నయి." ఆమె తన పాదాల వైపు చూసుకుంది. "మా అత్తమ్మ నాకు వాకిట్ల చెప్పులు తొడగనియ్యది. పెద్దల ముంగట కోడలు చెప్పులు తొడుగుతదా అంటది."

ఆ మాటతో నాకు కోపం నషాళానికి అంటింది. నేలకూ మనిషికీ మధ్య ఒక తోలు ముక్క ఉంటే చాలు. ఆ తోలు ముక్కను మర్యాద పేరుతో ఆమె కాళ్ల నుంచి తీసేశారు. తీసేసి, తడి బండల మీదికి పంపి, పడిపోతే దయ్యమన్నారు.

శుక్రవారం పది గంటలకు పైన పంకా తిరుగుతోంది. నేను వాకిట్లో తడి మట్టిలోకి ఒక పొడుగాటి ఇనుప మేకు దిగ్గొట్టాను. హోల్డరుకున్న రెండు తీగల్లో ఒకటి మేకుకు చుట్టాను. చెప్పులు వేసుకుని, పొడి పీట మీద నిలబడి, రెండో తీగ కొసను కర్రపుల్లతో నెట్టి నల్లాకు ఆనించాను. బల్బు వెలిగింది. పట్టపగలు, నిమ్మకాయల దండ మధ్యన, ఆ నల్లాకు బల్బు వెలిగింది.

అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుమాస్తా దగ్గరికి వచ్చి వంగి చూశాడు. సేటును పిలవమన్నాను. పావుకోళ్లు టకటకలాడిస్తూ దిగాడు.

"ఏంది టీచరమ్మ, నా ఇంట్ల కరెంటు దొంగతనం చేస్తున్నవా?" ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

"మీ కరెంటే మా నల్లాలోకి వస్తున్నది సేటు. పైన పంకా బంద్ చేయించండి, చూస్తారు."

గుమాస్తా పైకి వెళ్లాడు. మీట ఆపాడు. బల్బు ఆరిపోయింది. మళ్లీ వేశాడు. వెలిగింది. మళ్లీ ఆపాడు. ఆరిపోయింది. ఎన్నిసార్లు చేశాడో తెలియదు. కిందికి దిగి వచ్చినప్పుడు అతని ముఖం పాలిపోయి ఉంది. భార్య కట్టుకట్టిన చేతి వైపు చూశాడు, వెంటనే కళ్లు తిప్పుకున్నాడు.

సేటు మాత్రం తగ్గలేదు. "గింత బల్బు వెలిగితే ఏమైతది? జర చిటుక్కుమంటది. దానికి చెయ్యి ఇరుగుతదా? మా ఇంట్ల ఎవరికేం గాలే."

"మీకేం కాదంటే పావుకోళ్లు విప్పి, ఆ తడి బండ మీద నిలబడి నల్లా పట్టుకోండి," అన్నాను.

ఆయన పావుకోళ్లు విప్పలేదు. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ఒక్క అడుగు చూస్తే నాకు అర్థమైంది. ఆయన ఇది కరెంటని ఇప్పుడు కాదు, ఎప్పుడో అనుమానించి ఉంటాడు. అనుమానించి, తెలుసుకోవడం ఇష్టం లేక ఊరుకుని ఉంటాడు. పైన కిటికీలో కూర్చుని మంత్రగాడి తమాషా చూశాడు కదా!

"నేను కరెంటు దఫ్తరుకు రాతపూర్వకంగా ఇస్తాను," అన్నాను. ఆ మాట పనిచేసింది. మధ్యాహ్నానికల్లా ఆబిడ్స్ నుంచి మిస్త్రీ వచ్చాడు. నన్ను చూసి నవ్విన మనిషే. నిచ్చెన వేసుకుని గొట్టం మీది పురికొసలు విప్పాడు. మేడ అంచు దగ్గర, గొట్టాన్ని గోడకు పట్టి ఉంచిన ఇనుప పట్టీ కింద, తీగ మీది గుడ్డ కుళ్లి, రబ్బరు పొడిపొడిగా రాలిపోయి, రాగి తళతళ మెరుస్తూ గొట్టానికి రాసుకుంటోంది.

"ఇది కొత్త తీగ కాదు," అన్నాను.

"యుద్ధం గదమ్మ, రబ్బరు తీగ దొరుకుతలేదు. వేరే ఇంట్లకెళ్లి తీసింది పెట్టినం."

"పాతదైతే గోడ మీద చెక్కపట్టీ వేసి కట్టాలి. ఇనుప గొట్టానికి కడతారా?"

"సేటే జల్ది కానియ్యమన్నడు," అన్నాడు మిస్త్రీ.

"వీనికే తెల్వదు," అన్నాడు సేటు.

ఒకరి మీద ఒకరు నెట్టుకుంటూ వాకిట్లోనే కాసేపు కేకలేసుకున్నారు. ఇద్దరిలో ఒక్కరైనా ఆ పిల్ల వైపు తిరగలేదు.

సాయంత్రానికి తీగను గొట్టం నుంచి విడదీసి, గోడకు అవతలి పక్కన చెక్క మీద కట్టారు. నేను పంకా వేయించి, మళ్లీ బల్బు పెట్టి చూశాను. వెలగలేదు. "అయిపోయింది గద, ఇగ నీళ్లు పట్టుకో పో," అంది అత్తగారు కోడలితో.

ఆమె కదల్లేదు.

"సేటు పట్టుకుంటే నేను పట్టుకుంట," అంది.

"ఏమన్నవే?"

"పావుకోళ్లు ఇడిసి, తడి బండ మీద నిలవడి, సేటు ముందుగాల నల్ల పట్టుకోవాలె. నాలుగు నెలలు నేను పట్టుకున్న. ఒక్కపారి ఆయనను పట్టుకోమను."

అత్తగారు చెయ్యెత్తింది. ఆశ్చర్యమేమిటంటే, గుమాస్తా ఆ చెయ్యి పట్టుకున్నాడు. "పట్టుకోనియ్యమ్మ. అడిగింది తప్పేం లేదు," అన్నాడు. రెండేళ్లలో ఆ మనిషి భార్య పక్షాన అన్న మొదటి మాట అది. ఆలస్యంగానైనా అన్నాడు.

సేటు చుట్టూ చూశాడు. గోడల మీద మళ్లీ జనం చేరారు. మిస్త్రీ నిచ్చెన పట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు. తప్పదనుకుని సేటు పావుకోళ్లు విడిచాడు. తెల్లటి మెత్తటి పాదాలు ఒక్కొక్కటే తడి బండ మీద పెట్టాడు. వేలి కొసతో నల్లా ముట్టి, వెంటనే తీసేశాడు.

"గట్ల గాదు. గట్టిగ పట్టుకో. బిందె నిండేదాక పట్టుకో," అంది ఆమె.

బిందె నిండేదాకా పట్టుకుని నిలబడ్డాడు. నుదుటి మీంచి చెమట కారి గడ్డం దాకా వచ్చింది. తర్వాత ఎవరి వైపూ చూడకుండా, పావుకోళ్లు చేత్తో పట్టుకునే మేడ ఎక్కాడు. ఆమె ఎడమచేత్తో నల్లా కట్టేసింది. భర్త బిందె ఎత్తి లోపల పెట్టాడు.

ఇంతటితో న్యాయం జరిగిందని చెప్పలేను. ఆ రాత్రే అత్తగారు పొరుగింటివాళ్లకు చెప్పడం విన్నాను. మంత్రగాడి నిమ్మకాయలు ఐదు రోజులకు పనిచేశాయట, అందుకే ఏదో బయటపడిందట. ఆమెకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు. ఆబిడ్స్ దుకాణం మీద నేను రాసిన కాగితానికి జవాబు రాలేదు. బడిలో మా ప్రధానోపాధ్యాయురాలు నన్ను గదిలోకి పిలిచి, "ఇంటి యజమానులతో లొల్లి పెట్టుకుంటే మన బడికి పేరు పోతది," అని మందలించింది. పేరు! ఒక మనిషి చనిపోయి ఉంటే ఎవరి పేరు పోయేదో నేను అడిగాను. ఆమె హాజరు పట్టీ ముందుకు లాక్కుంది.

నెల తిరగకుండానే సేటు మా వాటా ఖాళీ చెయ్యమన్నాడు. బంధువులెవరో వస్తున్నారని కారణం చెప్పాడు. అమ్మా, నేనూ సామాను టాంగాలో వేసుకుని కాచిగూడ వైపు ఒక చిన్న ఇల్లు చూసుకుని వెళ్లిపోయాం. వెళ్లేరోజు పక్క వాటా కోడలు వచ్చి గిన్నెలు సర్దింది. మణికట్టు కొంచెం వంకరగానే అతుక్కుంది. బరువు ఎత్తితే నొప్పి చేస్తోందని చెప్పింది. కాళ్లకు కొత్త చెప్పులున్నాయి. 

ఆ తర్వాత ఒకసారి నాంపల్లి స్టేషను దగ్గర కూరగాయలు కొంటూ కనిపించింది. సేటు ఇంట్లో కరెంటు ఇస్త్రీపెట్టె వచ్చిందనీ, పైనున్న సేటు కోడలు వట్టి కాళ్లతో, తడి చేతులతో దాన్ని వాడబోతుంటే తానే ఆపి, పీట వేయించి, చెప్పులు తొడిగించాననీ చెప్పింది.

"ఆ కోడలి మామకు తెల్వదు, అత్తకు తెల్వదు. తెలిస్తే మళ్లా గాలి సోకిందంటరు," అంది.

ఆమె మాటల్లో చేదు లేదు. నాకు మాత్రం ఆ మాట వింటుంటే రక్తం ఉడికింది. తన ప్రాణం కాపాడుకునే నాలుగు ముక్కల చదువును ఆడవాళ్లు ఇంట్లో దొంగల్లా చాటుగా పంచుకోవాల్సి రావడం ఏమిటి? ఆ ప్రశ్న ఎవరిని అడగాలో తెలియక, సంచీలో వంకాయలు వేసుకుని, బస్సు కోసం రోడ్డు దాటాను.